పరుగువీరుడు ఝాన్ బువేన్

బలశాలుల చరిత్రలు మన సీమవారికి క్రొత్తవి కావు. వీరఘట్టమున జన్మించి, విజయనగరమున వ్యాయామవిద్య నేర్చి, ఏనుగును ఱొమ్ముపై నెక్కించుకొని కలియుగ భీముడని పేరొందిన కోడి రామమూర్తి నాయుడుగారి కథ శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో ఇంటింట వినబడునదే. ఆయన తన సర్కసుతో దేశమున తిరుగుచుండిన ఆ కాలముననే సముద్రముల కావల ఫ్రాన్సు దేశమున వేఱొక యువకుడు మఱియొక విధమైన బలముచేత కీర్తి గడించుచుండెను. అతడు బరువులెత్తలేదు, గొలుసులు తెంపలేదు, ఎవరితోను పెనుగులాడలేదు. అతడు పరుగెత్తెను. తడిసిన గడ్డిపైని, దున్నిన చేలపైని, గట్లెక్కి కాలువలు దాటి మైళ్లకొలది పరుగెత్తి, వరుసగా మూడు సంవత్సరములు అంతర్జాతీయ క్రాస్ కంట్రీ పందెమున ప్రథముడై నిలిచెను. అతని పేరు ఝాన్ బువేన్. అతడు జీవించినది ఇరువదియైదు సంవత్సరములు మాత్రమే. ఆ స్వల్పకాలమున అతడు గెలిచిన పందెములును, ఓడిన ఒక పందెమును, గెలువజాలని ఒక లెక్కయును నేటికిని తలచుకొనదగినవి.

క్రాస్ కంట్రీ అనగా పొలముల కడ్డముగా పరుగెత్తుట. సాధారణపు పరుగుపందెములు చదునుచేసిన గుండ్రని బాటపై జరుగును. అచ్చట రాయి యుండదు, ముల్లుండదు, ఎగుడుదిగుడులుండవు. క్రాస్ కంట్రీయందట్లు కాదు. మెట్ట యెక్కవలెను, పల్లము దిగవలెను, దుక్కిలో కాలు దిగబడినను, బురద మడమలకంటినను ఆగరాదు. మన పల్లెలలో వానకాలమున గెడ్డ పొంగుచున్నదని వినిన రైతు కళ్లమునుండి పొలమునకు అడ్డదారిని పరుగెత్తునే, ఆ పరుగునకు నియమములు కల్పించి పందెముగా చేసినచో అదియే క్రాస్ కంట్రీ యనవచ్చును. దీనికి మూలము ఇంగ్లండులోని బడిపిల్లల ఆట. ఇద్దఱు పిల్లలు కుందేళ్లవలె ముందుగా పరుగెత్తి దారిపొడవున కాగితపుముక్కలు చల్లుచు పోవుదురు. తక్కిన పిల్లలు వేటకుక్కలవలె ఆ జాడపట్టి వారిని తఱుముదురు. పెద్దలకును ఆ యాట నచ్చెను. 1868వ సంవత్సరమున లండను సమీపమున థేమ్సు కుందేళ్లు-వేటకుక్కలు అను అర్థమిచ్చు పేరుతో ఒక సంఘమేర్పడెను. ఇట్టి సంఘములు క్రమముగా పెక్కు వెలసెను. చలికాలమున ఇతర క్రీడాస్థలములు మంచుచేతను వానచేతను పాడయియుండగా పరుగుకాండ్రు పొలములనే ఆశ్రయించిరి.

దేశములకు దేశములు ఈ పందెమున తలపడుట 1903వ సంవత్సరము మార్చి 28వ తేదీన మొదలయ్యెను. స్కాట్లండులోని హామిల్టన్ గుఱ్ఱపుపందెముల మైదానమున ఇంగ్లండు, స్కాట్లండు, వేల్సు, ఐర్లండు అను నాలుగు దేశములవారు కూడుకొనిరి. ఆనాటి పందెమున మొదటివాడు ఆల్ఫ్రెడ్ ష్రబ్. అతడు ఇంగ్లండున ససెక్సు ప్రాంతపు పల్లెటూరివాడు. 1904లోను అతడే గెలిచెను. ఫ్రాన్సువారు ఈ పందెములలో చేరినది 1907వ సంవత్సరమున. అంతకు తొమ్మిదేండ్లకు పూర్వమే, 1898లో, పారిస్ సమీపమున ఇంగ్లీషువారితో ఒకమాఱు తలపడి ఘోరముగా ఓడిపోయి యుండిరి. పొలముల పరుగున ఇంగ్లీషువారిని మించువారు లేరను మాట ఆ దినములలో స్థిరపడియుండెను. 1903 మొదలు 1910 వఱకు ఒక్కయేడును తప్పక వ్యక్తిగత ప్రథమస్థానము ఇంగ్లీషువానికే దక్కుచువచ్చెను.

ఈ పందెమునందలి గెలుపోటముల లెక్క గమనింపదగినది. వ్యక్తులకు ఒక గెలుపును, దేశములకు వేఱొక గెలుపును కలదు. ఎవడు ముందుగా గమ్యము చేరునో వాడు వ్యక్తిగతవిజేత. దేశమునకు గెలుపు రావలెనన్నచో ఒక్కని వేగము చాలదు. ప్రతిదేశమునుండి ముందుగా వచ్చిన ఆరుగురి స్థానములను కూడుదురు. ఏ దేశపు మొత్తము తక్కువగా నుండునో ఆ దేశమే గెలిచినట్లు. దృష్టాంతమునకు ఒక దేశపువారు 1, 12, 18, 25, 31, 40 స్థానములలో వచ్చిరనుకొందము. మొత్తము 127. వేఱొక దేశమున మొదటివాడు మూడవస్థానమున వచ్చినను, తక్కినవారు 4, 6, 7, 9, 10 స్థానములలో వచ్చినచో మొత్తము 39 మాత్రమే. ప్రథముడు ఏ దేశమువాడైనను గెలుపు రెండవదేశమునకే చెందును. కాబట్టి అందఱి కన్నులు మొదటివానిపై నున్నను, పందెమును తేల్చువాడు తఱచుగా ఎవరును చూడని ఆ ఆరవవాడు. బురదలో ఇద్దఱిని దాటి ఆతడు ముందుకు వచ్చెనా, దేశపు లెక్కలో రెండంకెలు తగ్గును. అలసి నడకకు దిగెనా, మొదటివాని శ్రమ వ్యర్థమగును.

ఇట్టి పందెమునకు వచ్చిన ఝాన్ బువేన్ 1888వ సంవత్సరము డిసెంబరు నెలలో మార్సేల్ నగరమున జన్మించెను. మార్సేల్ ఫ్రాన్సునకు దక్షిణమున మధ్యధరా సముద్రతీరముననున్న గొప్ప రేవుపట్టణము. తూర్పుదేశములనుండి పోవు ఓడలు ఆ రేవునకు చేరుచుండెను. ఎండయు, ఉప్పుగాలియు, రాతిగుట్టలును గల ఆ సీమలో పెరిగిన బాలుడు వానలతో తడిసిన ఉత్తరదేశపు పొలములలో ఇంగ్లీషువారిని వారి విద్యయందే జయించునని ఎవరును ఊహించి యుండరు.

1909వ సంవత్సరమున ఇంగ్లండులోని డెర్బీ నగరమున జరిగిన అంతర్జాతీయపందెమున బువేన్ రెండవస్థానము పొందెను. అప్పటికతనికి ఇరువదియేండ్లు. ముందు నిలిచినవాడు ఇంగ్లండు పరుగుకాడైన ఎడ్వర్డ్ వుడ్. 1910లోను వుడ్ గెలిచెను. 1911 మార్చి నెలలో వేల్సు దేశమున న్యూపోర్టు వద్ద పందెము జరిగినప్పుడు బువేన్ ప్రథముడుగా వచ్చెను. ఇంగ్లీషువాడు కానివాడు ఆ పందెమును గెలుచుట అదియే తొలిసారి. 1912లో స్కాట్లండు రాజధానియగు ఎడింబరోలోను, 1913లో తన స్వదేశమున పారిస్ సమీపమందలి జువిసీ వద్దను అతడే మరల ప్రథముడయ్యెను. వేల్సు, స్కాట్లండు, ఫ్రాన్సు అను మూడు దేశముల నేలపై మూడు సంవత్సరములు ఒకే కాలు ముందు నిలిచినది. నేల మాఱినను, వాన మాఱినను, ప్రత్యర్థులు మాఱినను గెలిచినవాడు మాఱలేదు.

అయినను ఆ మూడు సంవత్సరములలోను దేశముల లెక్కలో గెలిచినది ఇంగ్లండే. 1903 మొదలు 1914 వఱకు ఏయేటి ఆరుగురి మొత్తమును కూడి చూచినను ఇంగ్లండు లెక్కయే తక్కువగా నుండెను. బువేన్ గమ్యము దాటి, నిలిచి, వెనుదిరిగి చూచినప్పుడు వచ్చుచుండిన గుంపులో ఇంగ్లండువారి చొక్కాలే ఎక్కువగా నుండెడివి. తాను ఎంత ముందుగా వచ్చినను ఒకటి యను అంకెను అతడు తగ్గింపలేడు. ఆరవవానికి బదులుగా తాను మరల పరుగెత్తలేడు. ఒక్కని ప్రతిభకు గల ఎల్ల ఇదియే. తరువాతివారికి తన అనుభవము అందవలెనని కాబోలు, పరుగువిద్యను అభ్యసించు మార్గమును గూర్చి అతడొక పుస్తకము వ్రాసెను. ఆటకాండ్రు తమ కిటుకులను దాచుకొను లోకమున తాను నేర్చినది అచ్చువేయించి అందఱ చేతులలో పెట్టుట సామాన్యమైన ఔదార్యము కాదు.

పొలములలోనే గాక చదునైన బాటపైనను అతడు అసమానుడయ్యెను. 1911 నవంబరు 16వ తేదీన పారిస్ చేరువనున్న కొలోంబ్ మైదానమున పదివేల మీటర్లను, అనగా ఆరుమైళ్లకు కొంచెము పైబడిన దూరమును, 30 నిమిషముల 58.8 సెకనులలో పూర్తిచేసెను. ఆ దూరమునకు అంతర్జాతీయ సంఘమువారు గుర్తించిన మొదటి ప్రపంచపు రికార్డు అదియే. 1921లో ఫిన్లండు దేశీయుడు పావో నుర్మీ దానిని మించువఱకు పదియేండ్లు అది చెక్కుచెదరలేదు.

ఇక అతని కీర్తికి మూలమైన ఓటమిని చెప్పవలెను. 1912 జూలైలో స్వీడన్ రాజధాని స్టాక్‌హోం నగరమున ఒలింపిక్ క్రీడలు జరిగెను. ఐదువేల మీటర్ల తుదిపందెము జూలై 10వ తేదీన. అందు బువేన్‌నకు ఎదురు నిలిచినవాడు హాన్నెస్ కోలేమైనెన్ అను ఫిన్లండు యువకుడు. అతడు రెండు దినములకు పూర్వమే పదివేల మీటర్ల పందెమును గెలిచి వచ్చియుండెను. పందెము మొదలయిన కొంతసేపటికే ఈ ఇద్దఱును తక్కినవారిని విడిచి ముందుకు సాగిరి. బువేన్ ముందు, కోలేమైనెన్ వెనుక. ఫిన్లండువాడు దాటజూచిన ప్రతిమాఱును ఫ్రెంచివాడు వేగము పెంచి అడ్డుపడుచు వచ్చెను. తుదిచుట్టులోను అట్లే. గమ్యము కొలది గజములలోనికి వచ్చినప్పుడు ఇద్దఱును భుజము భుజము కలిపి పరుగెత్తుచుండిరి. చివరి అడుగులలో కోలేమైనెన్ ఱొమ్ము ముందు పడెను.

కోలేమైనెన్ కాలము 14 నిమిషముల 36.6 సెకనులు. బువేన్ కాలము 14 నిమిషముల 36.7 సెకనులు. భేదము సెకనులో పదియవవంతు. వారి సగటు వేగమును బట్టి గుణించినచో ఆ భేదము మూర మీద పాతికవంతు నేల. మూడుమైళ్లకు పైబడిన దూరమునకు పిదప మూరంబాతిక! అంతవఱకు ఆ దూరమును పదునైదు నిమిషములలోపున ముగించినట్లు అంగీకరింపబడిన లెక్క లేదు. గెలిచినవాడును ఓడినవాడును ఇద్దఱును ఆ హద్దును ఇరువదిమూడు సెకనులకు మించి వెనుకకు నెట్టిరి. మూడవవాడుగా వచ్చిన ఇంగ్లండు సైనికుడు జార్జి హట్సన్ వారికి అరనిమిషము తరువాత గమ్యము చేరెను. ఒకడు లేకున్నచో రెండవవాడు అంతవేగమున పరుగెత్తియుండడని చూచినవారందఱికిని తెలిసినది. వైరియే ఉపకారి యగుట యుద్ధమున అరుదు; ఆటలో అదియే ధర్మము.

ఆ గెలుపులోను ఒక చేదు కలదు. ఫిన్లండు ఆ దినములలో రష్యా చక్రవర్తి ఏలుబడిలో నుండెను. ఫిన్లండువారు వేఱు జట్టుగా పరుగెత్తుటకు అనుమతి పొందిరి గాని, వారు గెలిచినప్పుడు ధ్వజస్తంభముపై నెగిరినది రష్యా పతాకము. తన చెమటకు పరుల జెండా యెగురుట కన్నులార చూచిన కోలేమైనెన్ సంతోషము సగమయ్యెను. పరపాలనము నెఱిగిన మనదేశపు పెద్దలకు ఆ బాధ యెట్టిదో వేఱుగ వివరింపనక్కఱ లేదు. ఆనాడు ఓడినవాని యెదలో ఒక బాధ, గెలిచినవాని యెదలో వేఱొక బాధ.

మూరంబాతికలో ఓడినవాడు సాధారణముగా రెండు పనులలో ఒకటి చేయును. కాలమును నిందించుచు కూర్చుండును. లేదా గెలిచినవానిపై కసి పెంచుకొనును. బువేన్ ఈ రెండును విడిచి మూడవదానిని ఎంచుకొనెను. సంవత్సరము తిరిగి రాగానే, 1913 జూలై 6వ తేదీన, అదే స్టాక్‌హోం నగరమున అతడు గడియారముతో పోటీకి నిలిచెను. ఒక గంటలో మానవుడు ఎంతదూరము పరుగెత్తగలడు అనునది ఆ పరీక్ష. ఇందు ఎదుటివాని తప్పిదమువలన గెలుపు రాదు, చివరి దుముకువలన ఓటమి రాదు. మొదట వేగిరపడినవాడు చివర కూలును. మొదట మందగించినవాడు కోలుకొనలేడు. ప్రతినిమిషమును ఒకే తూకమున ఖర్చుచేయవలెను.

భారతమున నలోపాఖ్యానము చదివినవారికి ఈ విషయము సులభముగా తెలియును. బాహుకుడను పేర సారథియైన నలుడు ఋతుపర్ణుని రథమును తోలుచుండగా రాజు ఉత్తరీయము జాఱి క్రిందపడెను. దానిని తెమ్మని రాజనునంతలో రథము యోజనము దాటిపోయెను. వేగము నలుని సొత్తు. ఆ దారిలోనే ఒక చెట్టును చూచి దాని ఆకులను కాయలను లెక్కచెప్పిన సంఖ్యాజ్ఞానము ఋతుపర్ణుని సొత్తు. ఋతుపర్ణుని విద్యను గ్రహించిన పిదపనే నలునికి కలి విడిచెను. వేగమొక్కటియే యున్నచో చాలదు; లెక్కయొక్కటియే యున్నను చాలదు. స్టాక్‌హోంలో ఆ గంటసేపు బువేన్ కాళ్లలో నలుడును, తలలో ఋతుపర్ణుడును ఉండిరని చెప్పవచ్చును.

గంట ముగియునప్పటికి అతడు 19,021 మీటర్ల దూరము పరుగెత్తియుండెను. మన పాతలెక్కలో ఇది పండ్రెండు మైళ్లకు కొంచెము తక్కువ, ఇంచుమించు ఒకటిన్నర ఆమడ. నిమిషమునకు 317 మీటర్ల చొప్పున అరువది నిమిషములు! 1904లో ఆల్ఫ్రెడ్ ష్రబ్ నెలకొల్పిన లెక్క 18,742 మీటర్లు. దానిని బువేన్ 279 మీటర్లు మించెను. గంటలో పందొమ్మిది కిలోమీటర్ల గీటు దాటినవాడు అంతకు పూర్వము లేడు. ఈ లెక్క పదునైదేండ్లు నిలిచెను. 1928 అక్టోబరులో బెర్లిను నగరమున పావో నుర్మీ 19,210 మీటర్లు పరుగెత్తి దానిని దాటెను. ఓటమిని ఎరువుగా వేసి పంట పండించుట యనగా ఇదియే.

1914 మార్చిలో ఇంగ్లండున అమెర్‌షమ్ వద్ద అంతర్జాతీయపందెము జరిగెను. ఇంగ్లండు పరుగుకాడు ఆల్ఫ్రెడ్ నికొల్స్ ప్రథముడయ్యెను. ఆనాడు పలుదేశముల యువకులు ఒకే పొలమున పరుగెత్తి, చేతులు కలుపుకొని ఇండ్లకు పోయిరి. ఐదునెలలు తిరుగకముందే యూరపుఖండపు పొలములు వేఱొక పనికి వచ్చెను. ఆగస్టు 3వ తేదీన జర్మనీ ఫ్రాన్సుపై యుద్ధము ప్రకటించెను. పరుగుకాండ్రు గట్లెక్కి దుమికిన నేలపై కందకములు త్రవ్వబడెను. వారు దాటిన కంచెల చోట ముళ్లతీగలు పఱవబడెను.

స్టాక్‌హోమున మూడవవాడై నిలిచిన జార్జి హట్సన్ సెప్టెంబరు 14వ తేదీన ఫ్రాన్సు నేలపై యుద్ధమున మరణించెను. బువేన్ సేనలో చేరి 163వ పదాతిదళమున వార్తాహరుడయ్యెను. సేనాపతి ఆజ్ఞను ముందుపంక్తికిని, ముందుపంక్తి స్థితిని సేనాపతికిని చేర్చుట వార్తాహరుని పని. తంతులు తెగిపోయినచోట మనుష్యుని కాలే తంతి. మన మన్యపు దారులలో తపాలాసంచిని భుజమున వేసికొని, పులిభయమునకు గజ్జెల ఈటెను మ్రోయించుచు పరుగెత్తిన రన్నర్లను మన తాతలెఱుగుదురు. వారు ఉత్తరము చేరునని పరుగెత్తిరి. బువేన్ పరుగునకు వెనుకనుండి తఱుమునది పులికాదు, ఫిరంగి. లోకమున గంటసేపు అందఱికంటె దూరము పరుగెత్తగల కాళ్లకు ప్రభుత్వము చూపిన ఉద్యోగమిది.

ఆ సెప్టెంబరు 26వ తేదీన బువేన్ పుట్టిన మార్సేల్ రేవున ఓడలు వచ్చి నిలిచెను. వానినుండి దిగినవారు మన భారతసైనికులు, లాహోరు డివిజనువారు. తమది కాని కలహమున తమది కాని నేలను కాపాడుటకు వారు ఆ రేవున అడుగుపెట్టిరి. మార్సేల్ వీధులలో జనులు వారికి పూలిచ్చి స్వాగతము పలికిరి. ఫ్రాన్సులోని న్యూవ్‌షాపెల్ వద్ద నేడు నిలిచియున్న స్మారకమందిరమున, సమాధియైనను లేక మడిసిన నాలుగువేల ఏడువందలకు పైబడిన భారతీయుల పేర్లు చెక్కబడి యున్నవి. భారతసైనికులు మార్సేల్ చేరిన మూడవదినమున, 1914 సెప్టెంబరు 29వ తేదీన, మార్సేల్ బిడ్డ ఝాన్ బువేన్ తూర్పు ఫ్రాన్సున మ్యూజ్ సీమలోని క్సివ్రే గ్రామము వద్ద ఫిరంగిగుండు తగిలి మరణించెను. ఇరువదియాఱవ యేడు నిండుటకు ఇంక మూడు నెలలైనను కాలేదు.

యుద్ధమున మడిసిన యువకుని అభిమన్యునితో పోల్చుట మన కవిసంప్రదాయము. ఇచ్చట ఆ పోలిక కొంతవఱకే సాగును. అభిమన్యుని కీర్తి అతడు యుద్ధమున చూపిన పరాక్రమమువలన వచ్చినది. బువేన్ కీర్తియంతయు యుద్ధమునకు పూర్వమే, ఎవనిని గాయపఱుపక, ఎవని సొమ్మును అపహరింపక సంపాదించుకొన్నది. యుద్ధము అతని కీర్తికి ఒక్క మీటరైనను చేర్చలేదు. అతని చావును గూర్చి చెప్పుకొనుటకంటె అతని పరుగును గూర్చి చెప్పుకొనుటయే న్యాయము.

1915 మొదలు 1919 వఱకు అంతర్జాతీయ క్రాస్ కంట్రీ పందెము జరుగలేదు. పరుగెత్తవలసిన కాళ్లు కందకములలో నుండెను. పెక్కు కాళ్లు తిరిగి రాలేదు. 1920లో ఐర్లండున బెల్ఫాస్టు వద్ద పందెము మరల మొదలయ్యెను. ఆ వేసవియందే బెల్జియములోని ఆంట్వెర్ప్ నగరమున ఒలింపిక్ క్రీడలు జరిగెను. అందు ఐదువేల మీటర్ల పందెమున పావో నుర్మీని ఓడించి గెలిచినవాడు ఝోసెఫ్ గిల్లెమో అను ఫ్రెంచి యువకుడు. యుద్ధమున విషవాయువు పీల్చి ఊపిరితిత్తులు చెడియుండిన మనిషి! బువేన్ మూరంబాతికలో కోల్పోయిన పతకము ఎనిమిదేండ్లకు ఫ్రాన్సునకు దక్కినది. ఆ క్రీడలలోనే కోలేమైనెన్ మారథాన్ పందెమును గెలిచెను. అప్పటికి ఫిన్లండు స్వతంత్రదేశము. ఈమాఱు ఎగిరినది అతని స్వదేశపు పతాకమే. ఆ మారథాన్‌లో మన భారతదేశమునుండి పోయిన బెల్గాము సీమవాడు ఫడెప్పా చౌగులే పందొమ్మిదవస్థానమున గమ్యము చేరెను.

గిల్లెమో 1922లో గ్లాస్గో నగరమున అంతర్జాతీయ క్రాస్ కంట్రీ పందెమునను ప్రథముడయ్యెను. అయితే ఆనాటి వార్తలో ముఖ్యమైనది వేఱు. ఆరుగురి స్థానములను కూడి చూడగా ఫ్రాన్సు మొత్తము ఇంగ్లండు మొత్తముకంటె తక్కువగా తేలెను. 1903లో పందెము పుట్టినది మొదలు ఇంగ్లండు చేయి విడువని ఆ గెలుపు తొలిసారిగా పరదేశమునకు పోయెను. బువేన్ మూడుమాఱులు ప్రథముడై కూడ తన దేశమునకు తేలేకపోయిన గెలుపు అతడు గతించిన ఎనిమిదవయేట వచ్చెను. దానిని తెచ్చినవారు ఆరుగురు.

1973వ సంవత్సరమునుండి ఆ పందెము ప్రపంచ క్రాస్ కంట్రీ పందెముగా మాఱెను. ఆఫ్రికాఖండమున మెట్టసీమలలో పుట్టి, బడికి మైళ్లకొలది నడచిపోవు పల్లెపిల్లలు ఆ రంగమునకు వచ్చిరి. కెన్యా దేశపు పురుషుల జట్టు 1986 మొదలు 2003 వఱకు పదునెనిమిది సంవత్సరములు వరుసగా గెలిచినది. అదియు ఒక్కని గెలుపు కాదు, జట్టు గెలుపు. స్పెయినులోని బార్సిలోనా నగరమున బువేన్ పేర ఒక పరుగుపందెము 1920లో మొదలయ్యెను. పారిస్ నగరమున ఒక క్రీడారంగమునకు అతని పేరు పెట్టిరి. అచ్చట ఆడు యువకులలో పెక్కురు అతడెవ్వడో ఎఱుగకపోవచ్చును. అయినను ఆ పేరు పలుకకుండ తమ ఆటకు దారి యడుగలేరు.

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో నేడు తెల్లవాఱుజామున ఏ రోడ్డున పోయినను సైన్యమున చేరుటకై పరుగు అభ్యసించు యువకులు కనబడుదురు. ఆ పరీక్షలో పదునాఱువందల మీటర్ల పరుగు కలదు. కొలది సెకనులలో ఒకని బ్రదుకు ఇటో అటో తేలును. సెకనులో పదియవవంతు ఎట్టిదో వారికి ఎవరును చెప్పనక్కఱ లేదు. అట్లు తప్పిపోయి తలవంచుకొని యింటికి వచ్చిన బిడ్డకు చెప్పదగిన కథ ఝాన్ బువేన్ కథ. మూరంబాతికలో ఓడినవాడు మరుసటియేడు అదే యూరికి పోయి ఒకటిన్నర ఆమడ పరుగెత్తెనని చెప్పవలెను. పరుగునకు పెట్టుబడి అక్కఱలేదనియు, వంశధార నాగావళుల యొడ్డున ఉన్న ఇసుకయు గట్లును దుక్కులును చాలుననియు చెప్పవలెను.

పెద్దలు గ్రహింపవలసినది ఆ ఆరవవాని సంగతి. గ్రామమున ఏ సంస్థ నిలిచినను మొదటివాని పేరే గోడపై నెక్కును. సంస్థ ఇరువదియైదేండ్లు బ్రదుకుట మాత్రము, నెలచందా మఱువక చెల్లించిన వానివలనను, తెచ్చిన పుస్తకమును నలుగనీయక తిరిగి యిచ్చిన వానివలనను, దీపము ముట్టించి తలుపు తెఱచిన వానివలనను జరుగును. వారి పేర్లు చందా రిజిష్టరులో తప్ప వేఱెచ్చటను కనబడవు. రజతోత్సవపు లెక్క కూడునప్పుడు వారి స్థానములను కూడ కలుపుకొనుట న్యాయము. మొత్తము తేలునది అచ్చటనే.